గొలుసు విప్పిన చెయ్యి

పారిస్‌లో సాల్‌పెత్రియేర్ అని ఒక పాత ఆసుపత్రి. పిచ్చివాళ్ళని పేరుపెట్టి అక్కడ బంధించిన ఆడవాళ్ళ గొలుసులు విప్పుతున్న దృశ్యాన్ని 1876లో టోనీ రోబేర్-ఫ్లూరీ అనే చిత్రకారుడు గీశాడు. మనోవైద్య చరిత్ర పుస్తకాల్లో తరచుగా కనబడే బొమ్మ ఇది. మధ్యలో డాక్టర్ ఫిలిప్ పినెల్ నిలబడి ఉంటాడు. ఒకామె వంగి ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుంటూ ఉంటుంది. గొలుసు విప్పుతున్న మనిషి కూడా బొమ్మలో ఉన్నాడు. కాని చూసేవాళ్ళ కన్ను అతని మీద నిలవదు. డాక్టర్ మీదే నిలుస్తుంది.

బొమ్మలో లేని సంగతి ఒకటుంది. అంతకుముందే, 1797లో, బిసేత్ర అనే మగవాళ్ళ ఆసుపత్రిలో ఇనపగొలుసులు తీయించినవాడు పినెల్ కాదు. అప్పటికి రెండేళ్ళ కిందటే పినెల్ అక్కణ్ణించి బదిలీ అయిపోయాడు. తీయించినవాడి పేరు జాన్ బాప్తిస్త్ పుస్సాన్. డాక్టర్ కాదు, చదువుకున్నవాడూ కాదు. తోళ్ళు పదును చేసే వృత్తివాడు. గండమాల జబ్బుతో బిసేత్రలో రోగిగా చేరి, నయమయ్యాక అక్కడే పనికి కుదిరి, చివరికి పిచ్చివాళ్ళ వార్డుకి పెద్ద అయినవాడు. అతని భార్య మార్గరీత్ కూడా ఆ వార్డులోనే పని చేసింది. నయమైన రోగుల్నే పనివాళ్ళుగా పెట్టుకోవడం, పనివాళ్ళు రోగుల్ని కొట్టకూడదని కట్టడి చెయ్యడం పుస్సాన్ పద్ధతులు. పినెల్ ఈ సంగతులు దాచలేదు, తన పుస్తకంలోనే రాసుకున్నాడు. తాను సాల్‌పెత్రియేర్‌కి వెళ్ళాక పుస్సాన్‌ని అక్కడికి రప్పించుకున్నాడు కూడా. దాచింది తర్వాతి చరిత్ర.

ఐరోపాలో తోలు పనివాడు మన లంద దగ్గరి మాదిగవాడితో సమానం అని మేము అనడం లేదు. అక్కడ అంటరానితనం ఈ రూపంలో లేదు. కాని చరిత్ర రాసే పద్ధతి మాత్రం మనకి బాగా తెలిసినదే. చెయ్యి ఒకడిది, పేరు ఇంకొకడిది. వికలాంగుల సంరక్షణలో కట్టెయ్యడం, గదిలో పెట్టి తాళం వెయ్యడం, మత్తుమందుతో పడుకోబెట్టడం లాంటి నిర్బంధ పద్ధతుల గురించీ, వాటిని తగ్గించడానికి వచ్చిన ప్రయత్నాల గురించీ చదువుతున్నప్పుడు మాకు ప్రతి మలుపులోనూ ఈ చెయ్యే కనిపించింది. కట్టేదీ ఆ చెయ్యే. విప్పేదీ ఆ చెయ్యే. సంస్కరణ ఆ చేతిని లెక్కలోకి తీసుకోనప్పుడల్లా కట్టు పోలేదు, సామాను మారింది. పుస్సాన్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఇనపగొలుసు తీసి, చేతులు వెనక్కి కట్టే బట్టచొక్కా తొడిగించాడు.

దళిత అధ్యయనాల పత్రికలో ఈ గోల ఏంటని అడిగేవాళ్ళుంటారు. ఎవరి ఒళ్ళు కట్టదగిన ఒళ్ళు అనేది ఈ దేశంలో ఆసుపత్రులు రాకముందే తేలిపోయిన విషయం. మద్రాసు ప్రెసిడెన్సీలో 1816 నాటి 11వ రెగ్యులేషన్, చిన్న చిన్న తప్పులకి గ్రామాధికారే శిక్ష వెయ్యొచ్చు అంది. అందులో బొండకొయ్య శిక్షని మాత్రం ‘కింది కులాల’ వాళ్ళకే కేటాయించింది. పైకులం వాడి కాలు కొయ్యలో పెడితే వాడికి అవమానం, కిందివాడికి ఏం అవమానం అని దాని లెక్క. కోస్తా, రాయలసీమ గ్రామాలు చాలావరకు ఈ రెగ్యులేషన్ కిందివే. కాబట్టి కట్టెయ్యడం మీద చర్చ మనకి పరాయిది కాదు.

ఇంగ్లండులో 1838లో లింకన్ ఆసుపత్రిలో రాబర్ట్ గార్డినర్ హిల్, 1839లో లండన్ దగ్గర హన్‌వెల్‌లో జాన్ కొనోలీ, గొలుసులూ పట్టీలూ మొత్తంగా మానేస్తాం అని ప్రకటించారు. అప్పుడు వచ్చిన వాదనలు ఈనాటి వాదనల్లాగే ఉన్నాయి. కట్టకపోతే మనుషుల్ని పెట్టాలి, మనుషుల్ని పెడితే ఖర్చు. కొనోలీ జవాబు కూడా అదే దారిలో ఉంది: అవును, మంచి పనివాళ్ళు కావాలి, వాళ్ళకి సరైన జీతం కావాలి, అది లేకుండా ఈ పద్ధతి నిలవదు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు తిరక్కుండానే, 1858లో, అదే తెల్లదొరలు మన దేశానికి పిచ్చాసుపత్రుల చట్టం తెచ్చారు. దొరలు ఇంటిదగ్గర విప్పుతూ ఇక్కడ కట్టారు అని ఒక్క మాటలో తేల్చెయ్యడం మాకు ఇష్టం లేదు, అది సగం నిజమే. కాని 1858 చట్టం గాని, దాని స్థానంలో వచ్చిన 1912 లూనసీ చట్టం గాని ప్రధానంగా పట్టించుకున్నది ఎవర్ని లోపల పెట్టాలి, ఎవరి ఉత్తర్వుతో పెట్టాలి అనే దాన్ని. పెట్టాక లోపల ఎలా ఉంచాలి అనేది వెనకబడిపోయింది. ఇంకో సంగతి. 1912 చట్టంలో ‘లూనటిక్’ అంటే మతిస్థిమితం లేనివాడే కాదు, పుట్టుకతో బుద్ధి ఎదగనివాడు కూడా. ఇద్దర్నీ ఒకే తాళం కింద పెట్టిన ఈ నిర్వచనం 1987 మానసిక ఆరోగ్య చట్టం బుద్ధిమాంద్యాన్ని పక్కకు తీసేదాకా నడిచింది.

ఇక్కణ్ణించి అమెరికా వెళ్ళాలి. ఇవాళ ‘పాజిటివ్ బిహేవియర్ సపోర్ట్’ అనే పేరుతో చలామణిలో ఉన్న పద్ధతి పుట్టింది అక్కడే. తెలుగులో ‘ప్రవర్తనకు ఆసరా’ అనుకుందాం.

1974లో ఫిలడెల్ఫియాలో నికొలస్ రోమియో అనే యువకుడి తండ్రి చనిపోయాడు. రోమియోకి తీవ్రమైన బుద్ధిమాంద్యం, మాట రాదు. ఇరవయ్యారేళ్ళు ఇంట్లోనే పెరిగాడు. తల్లి ఒక్కతే సాకలేక పెన్‌హర్‌స్ట్ అనే ప్రభుత్వ సంస్థలో చేర్పించింది. రెండున్నరేళ్ళలోపు అతనికి కనీసం 63 సార్లు దెబ్బలు తగిలాయి, కొన్ని తనకి తాను చేసుకున్నవి, కొన్ని పక్కవాళ్ళు చేసినవి. తల్లి కేసు వేసింది. 1982లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: ప్రభుత్వ సంరక్షణలో ఉన్న మనిషికి క్షేమంగా ఉండే హక్కూ, అనవసరంగా కట్టివేతకి గురికాకుండా ఉండే హక్కూ ఉన్నాయి, ఆ రెండూ దక్కడానికి కావలసిన కనీస శిక్షణ కూడా హక్కే. ఈ చివరి మాట ముఖ్యం. మనిషికి నేర్పకుండా వదిలేసి, తర్వాత అదుపు తప్పాడని కట్టెయ్యకూడదని దాని అర్థం. అయితే ఏది అవసరం, ఏది అనవసరం అనేది నిపుణుల నిర్ణయానికే వదిలిపెట్టింది కోర్టు. కేసు వేసింది తల్లి, తేల్చేది నిపుణుడు. మళ్ళీ పాత కథే.

ఆ నిపుణులు అప్పటిదాకా ఏం చేస్తున్నారు? తల గోడకి కొట్టుకునే పిల్లాడిని మానిపించడానికి చెంపదెబ్బ, ముఖం మీద నీళ్ళు, కరెంటు షాక్. దీనికి ప్రవర్తనా శాస్త్రం అని పేరు. మసాచుసెట్స్‌లోని జడ్జి రోటెన్‌బర్గ్ సెంటర్‌లో షాక్ యంత్రాన్ని ఒంటికి తగిలించి తిప్పడం ఇరవయ్యొకటో శతాబ్దంలో కూడా సాగింది. ఆ యంత్రాన్ని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిషేధిస్తే, 2021లో కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. నియంత్రణ సంస్థకి ఆ అధికారం ఉందని 2022లో చట్టం సవరించుకోవలసి వచ్చింది.

1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరండ్ అనే ఇద్దరు పరిశోధకులు నలుగురు పిల్లల మీద చేసిన పనిని ప్రచురించారు. చూడ్డానికి చిన్న పని. వాళ్ళు మొదట అడిగింది ‘ఎలా మానిపించాలి’ అని కాదు, ‘ఎప్పుడు చేస్తున్నాడు’ అని. కొందరు పిల్లలు పాఠం కష్టమైనప్పుడు కొడుతున్నారు, కొందరు టీచరు తమవైపు చూడనప్పుడు కొడుతున్నారు. మొదటివాళ్ళకి ‘నాకు అర్థం కావట్లేదు’ అని చెప్పడం నేర్పారు. రెండోవాళ్ళకి ‘నేను బాగా చేస్తున్నానా’ అని అడగడం నేర్పారు. కొట్టడం బాగా తగ్గిపోయింది. అసలు నేర్పిన మాటకీ కొట్టడానికీ అర్థం ఒకటే కాబట్టి మాట వచ్చాక దెబ్బతో పని లేకపోయింది. పిల్లల సంగతి సరే, మాట చెల్లని చోట జనం ఏం చేస్తారో ఉద్యమాల్లో తిరిగినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ప్రవర్తనకు ఆసరా అంటే టూకీగా ఇదే. మనిషి కరిస్తే, అరిస్తే, బట్టలు చించుకుంటే దానికి కారణం ఉంటుంది: ఏదో కావాలి, ఏదో వద్దు, ఎవరైనా రావాలి, లేదా పన్ను నొప్పి. ముందు ఏం జరిగింది, ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది అని కొన్నాళ్ళు రాసిపెట్టి చూస్తే కారణం దొరుకుతుంది. అప్పుడు చుట్టూ ఉన్నదాన్ని మార్చాలి, అతనికి చెప్పుకునే దారి నేర్పాలి. ఒక్కోసారి పంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే చాలు. కట్టెయ్యడం ఈ పద్ధతిలో ఉపాయం కాదు, వైఫల్యం. ఒకవేళ ప్రాణం మీదికొచ్చి పట్టుకోవలసి వస్తే ఎంతసేపు, ఎందుకు, ఎవరు అని రాసి, మళ్ళీ అలా జరక్కుండా ఏం చెయ్యాలో కూచుని మాట్లాడుకోవాలి.

అయితే దీనికి కావలసిందేంటి? ఆ మనిషిని రోజూ చూసే మనిషి. అతని ముఖం చదవగలిగిన మనిషి. డాక్టర్ వారానికోసారి వస్తాడు, పావుగంట ఉంటాడు. రాసిపెట్టగలిగేది, కనిపెట్టగలిగేది ఆయా, వార్డు బాయ్, తల్లి.

ఇంగ్లండులో ఏం జరిగిందో చూడండి. బ్రిస్టల్ దగ్గర వింటర్‌బోర్న్ వ్యూ అనే ప్రైవేటు ఆసుపత్రిలో బుద్ధిమాంద్యం, ఆటిజం ఉన్నవాళ్ళని పనివాళ్ళు నేలమీద అదిమిపెట్టడం, కొట్టడం, చన్నీళ్ళు పొయ్యడం బీబీసీ రహస్యంగా చిత్రీకరించి 2011 మే నెలలో ప్రసారం చేసింది. అక్కడ పని చేసిన ఒక నర్సు అంతకుముందే ఫిర్యాదు చేశాడు, ఎవరూ పట్టించుకోలేదు. 2012లో పదకొండుమందికి శిక్ష పడింది, వాళ్ళలో ఆరుగురు జైలుకెళ్ళారు. చెయ్యాల్సిందే. కాని ఒక్కో రోగికి వారానికి సగటున 3,500 పౌన్లు వసూలు చేసి, శిక్షణలేని పనివాళ్ళతో నడిపించిన యాజమాన్యం నుంచి జైలుకి ఎవరూ వెళ్ళలేదు. ఈ కేసు తర్వాతే 2014లో ఇంగ్లండు ప్రభుత్వం నిర్బంధం తగ్గించండి, ప్రవర్తనకు ఆసరా ఇవ్వండి అని మార్గదర్శకాలు ఇచ్చింది. 2019లో వోర్ల్‌టన్ హాల్ అనే ఇంకో ఆసుపత్రిలో మళ్ళీ అవే దృశ్యాలు, మళ్ళీ బీబీసీ.

ఎవర్ని అదిమిపెడుతున్నారు అనే ప్రశ్న అక్కడా ఉంది. 2010లో లండన్ బెత్లెం రాయల్ ఆసుపత్రిలో ఓలసేని లూయిస్ అనే ఇరవైమూడేళ్ళ నల్లజాతి యువకుణ్ణి పదకొండుమంది పోలీసులు అదిమి పట్టుకున్నారు. అతను బతకలేదు. తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి తిరిగాక 2018లో మానసిక వైద్యశాలల్లో బలప్రయోగం మీద చట్టం వచ్చింది, దాన్ని అతని పేరుతోనే ‘సేనీ చట్టం’ అంటారు. ఆ దేశపు సర్కారు లెక్కల్లోనే తెల్లవాళ్ళ కన్నా నల్లవాళ్ళ మీద బలప్రయోగం ఎక్కువ. నల్ల ఒళ్ళు చూడగానే ప్రమాదం అనిపించడం పాత జబ్బు. అమెరికాలో 1851లో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే డాక్టర్, బానిసలు పారిపోవడమే ఒక మానసిక రోగమని రాసి, దానికి కొరడాని మందుగా చెప్పాడు.

కార్ట్‌రైట్ ఊరికే గుర్తుకు రాలేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో జాతీయ బుద్ధిమాంద్యుల సంస్థ ఏర్పడింది. 1992లో ఆ సంస్థ భారతీయ పిల్లల కోసం ప్రవర్తనా కొలమానం ఒకటి తయారుచేసింది. అందులో రెండో భాగం సమస్యాత్మక ప్రవర్తనలది: 75 అంశాలు, పది తరగతులు. ఇంగ్లీషు కొలమానాలు అరువు తెచ్చుకునే రోజుల్లో ఇది మంచి పని, తర్వాత ఎంతోమంది టీచర్లు దీన్నే వాడారు, మేము తక్కువ చెయ్యడం లేదు. కాని ఆ పది తరగతుల్లో ఒకదాని పేరు ‘తిరుగుబాటు ప్రవర్తన’. చెప్పిన మాట వినకపోవడం లాంటివి అందులోకి వస్తాయి. మాట వినడు, ఎదురు చెప్తాడు, పొగరు. ఈ మాటలు మేము బళ్ళో విన్నాం, దొరల వాకిళ్ళలో మా తాతలు విన్నారు. చెప్పేవాడు ఎవడు, ఏం చెప్పాడు అని అడక్కుండా విననివాడి పేరు మీద మార్కు వెయ్యొచ్చా? ప్రవర్తనకు ఆసరా అనే పద్ధతిలో మాకు నచ్చింది ఈ ప్రశ్నని లోపలికి రానిచ్చింది గనకే. సమస్య పిల్లాడిలో ఉందా, పిల్లాడికి ఇచ్చిన పనిలో ఉందా అని అది అడుగుతుంది.

ఇక మన చట్టాల సంగతి. 2001 ఆగస్టు 6న తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గాకి దగ్గర్లో ఒక ప్రైవేటు మానసిక ఆశ్రమం తగలబడింది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్ళు పారిపోలేక 28 మంది చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుని 2002లో రాష్ట్రాలకి ఆదేశాలిచ్చింది. 2007లో మన దేశం వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్లో ఏ రూపంలోనూ గొలుసులు వెయ్యకూడదు అని స్పష్టంగా రాసింది. 97వ సెక్షన్ ఒంటరి గదిని నిషేధించింది. మరో దారి లేక, తక్షణ ప్రమాదం ఆపడానికి, మానసిక వైద్యుడి అనుమతితో తప్ప కట్టివేత కూడదు అంది. శిక్షగా కట్టకూడదు. సిబ్బంది తక్కువగా ఉన్నారనే కారణంతోనూ కట్టకూడదు. ఈ చివరి వాక్యం చదివినప్పుడు, కొనోలీ నాటి గొడవ నూటడెబ్భై ఎనిమిదేళ్ళకి మన చట్టంలోకి ఎక్కిందనిపించింది. అయినా 2019 జనవరిలో, ఉత్తరప్రదేశ్ బదాయూఁ జిల్లాలో గొలుసులతో ఉంచిన మనుషుల కేసు విచారిస్తూ, ఇది చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

ఇంకా పెద్ద చిక్కు ఉంది. 2017 చట్టం ‘మానసిక రోగం’ అనే మాటకి ఇచ్చిన నిర్వచనంలోంచి బుద్ధిమాంద్యాన్ని తీసేసింది. రోగమూ వైకల్యమూ వేరు గనక తియ్యడం న్యాయమే, ఆ తేడా కోసం తల్లిదండ్రుల సంఘాలు ఎంతో పోరాడాయి. కాని ఫలితం ఏమిటంటే, కట్టివేత మీద ఇంత వివరంగా ఉన్న 95, 97 సెక్షన్లు బుద్ధిమాంద్యం తప్ప వేరే రోగం లేని పిల్లాడికి నేరుగా వర్తించవు. 2016 వికలాంగుల హక్కుల చట్టం క్రూరత్వం నుంచి రక్షణ అంటుంది గాని ఎప్పుడు పట్టుకోవచ్చు, ఎవరు అనుమతించాలి, ఎక్కడ రాయాలి అనే వివరం అందులో లేదు. ప్రవర్తనకు ఆసరా అనే పద్ధతి పుట్టిందే ఎవరి కోసమో, ఆ పిల్లలకే చట్టం సన్నగా ఉంది.

పోనీ చట్టం బలంగా ఉంటే సరిపోతుందా? అప్పుడు మొదట దొరికిపోయేది ఎవరు? వార్డుల్లో ఊడ్చి, ఎత్తిపోసి, పట్టుకునే పనుల్లో ఉన్నది ఎక్కువగా మనవాళ్ళే, అదీ కాంట్రాక్టు మీద. రాత్రి ఒక్క ఆయా మీద వార్డంతా వదిలేసి, పొద్దున కట్టు కనబడితే సస్పెండయ్యేది ఆయానే. వింటర్‌బోర్న్‌లో చూసిందీ అదే. ఆసుపత్రిలో ఆయా సరే, ఇంట్లో తల్లి?

మిరపకాయల కోతల రోజుల్లో పల్నాడులో ఒక మాదిగపల్లెకి మేమిద్దరం వెళ్ళాం. పదకొండేళ్ళ పిల్లాడు, మాట రాదు. నులక మంచం కోడుకి పాత చీర పీలికతో కాలు కట్టేసి ఉంది. మమ్మల్ని చూసి తల్లి గబగబా ముడి విప్పబోయింది. సర్కారువాళ్ళం అనుకుంది. కాదక్కా, యూనివర్సిటీలో చదువుకుంటున్నాం అంటే, మీదీ పల్లేనా తమ్ముడూ అని అడిగి, అవునన్నాక కూచోమంది. పొద్దున్నే కోతకి వెళ్ళాలి, ముసలత్తకి కళ్ళు కనపడవు, వీడు బయటికెళ్తే కాలవ. తోలకెళ్తే చేనుగలాయన ఊరుకోడు. బడికి పంపితే నాలుగు రోజులకే వద్దన్నారు. చీర మెత్తగా ఉంటుందని చీరే కడతాను, తాడు కట్టలేదు ఎప్పుడూ అంది. ఆ మాట రెండుసార్లు చెప్పింది.

2024లో ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగుల పింఛను నెలకి 6,000 రూపాయలైంది, పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకి 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. కొట్లాడి సాధించుకున్న డబ్బు అది, తక్కువేం కాదు. కాని లేచి తిరిగే ఈ పిల్లాడి దగ్గర పగలంతా ఒక మనిషి ఉండాలంటే ఆ మనిషి కూలి పోతుంది, పింఛను ఆ కూలికి సరిపోదు. పిల్లాడు మంచాన పడితే ఎక్కువ వస్తుంది, లేచి తిరిగితే తక్కువ. కాపలా అవసరం మాత్రం తిరిగేవాడికే ఎక్కువ. ఆ కాలికి కట్టిన చీరని కోతల కూలి రేటుతో కలిపి చదవకపోతే, ఆ తల్లి మీద కేసు రాసే చదువే మిగుల్తుంది.

వీడు ఊరికే కొరుక్కుంటాడా అక్కా, ఏదన్నా ఉండి కొరుక్కుంటాడా అని అడిగాం. ఆమె మమ్మల్ని వింతగా చూసింది. ఊరికే ఎందుకు కొరుక్కుంటాడు అంది. ఆకలైతే ఎడమ చెయ్యి కొరుక్కుంటాడు. దొడ్డికొస్తే తలతో గోడని కొడతాడు, అప్పుడు వెంటనే తీసకెళ్ళాలి. ట్రాక్టరు చప్పుడైతే చెవులు మూసుకుని అరుస్తాడు, వేపచెట్టు కిందికి తీసకెళ్తే సద్దుకుంటాడు. కొత్తవాళ్ళొస్తే రక్కుతాడు గాని, గుప్పెట్లో ఏదన్నా పెడితే రక్కడు. నాయనమ్మ చీరకొంగు పట్టుకుంటే మంచినీళ్ళు కావాలని. ఆమె చెప్పుకుంటూ పోతుంటే మా నోటుబుక్కులో రెండు పేజీలు నిండాయి. కార్ అడిగిన ప్రశ్నకి జవాబులే అవి. అలాంటివి రాబట్టడానికి నిపుణులు వారాల తరబడి కూచుంటారు.

లోపలికెళ్ళి ప్లాస్టిక్ కవర్లోంచి సదరం సర్టిఫికెట్ తెచ్చి చూపించింది. పేరు, వైకల్యం పేరు, పక్కన శాతం. ఇదంతా ఇందులో రాసుంటదా తమ్ముడూ అని అడిగింది. లేదక్కా అన్నాం. మరి మీరు రాశారుగా, అది బడిలో చూపిస్తే చేర్చుకుంటారా అంది.